ఉత్తర తెలంగాణలో పాత మోటారు వాహనాల ఇంజిను వైరింగు: చరిత్ర, పునరుద్ధరణ, పదజాలం

వ్యాససంగ్రహం

ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రోడ్లపై తిరిగిన కార్లలో అంబాసిడర్, ఫియట్, జీపు ముఖ్యమైనవి. ఇటువంటి పాత వాహనాన్ని తిరిగి నడిచే స్థితికి తేవడంలో ఇంజినును విప్పి బిగించడం కంటే దాని వైరింగును సరిచేయడమే కష్టం. తీగలు పాడవడం దీనికి ఒక కారణం మాత్రమే. దశాబ్దాల మరమ్మతులు ఒకదానిపై ఒకటి పేరుకొని అసలు అమరికను కప్పివేయడం అంతకంటే పెద్ద కారణం. ఈ అమరికల చారిత్రక నేపథ్యాన్ని, అవి మారిన తీరును, వాటిని పునరుద్ధరించే పద్ధతిని, మెకానిక్కుల నోట నిలిచిన పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వైరింగు పునరుద్ధరణ స్వభావరీత్యా గ్రంథపరిష్కరణ వంటిదని, దానికి కావలసిన మౌఖికజ్ఞానాన్ని నమోదు చేయవలసిన అవసరం ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోటారు వాహనం, వైరింగు, అంబాసిడర్, పునరుద్ధరణ, వృత్తిపదజాలం, ఉత్తర తెలంగాణ.

1. ప్రవేశిక

సాంకేతిక చరిత్ర అనగానే యంత్రాన్ని కనుగొన్నవారి చరిత్ర గుర్తుకు వస్తుంది. ఆ యంత్రాన్ని దశాబ్దాల పాటు నడిపించినవారి చరిత్ర సాధారణంగా గ్రంథస్థం కాదు. మోటారు వాహనం విషయంలో ఈ లోటు స్పష్టంగా కనిపిస్తుంది. బర్మింగ్‌హామ్‌లోనో టురిన్‌లోనో రూపుదిద్దుకొన్న విద్యుత్ అమరిక జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ వంటి పట్టణాల గ్యారేజీలకు చేరినప్పుడు అది అదే రూపంలో నిలవలేదు. ఇక్కడి ఎండకు, దుమ్ముకు, దొరికే విడిభాగాలకు, బాగుచేసే మనిషి అలవాటుకు తగినట్లు మారింది. పునరుద్ధరణకు పూనుకొన్నవారికి మొదట ఎదురయ్యేది ఈ మారిన రూపమే. కాబట్టి వైరింగును సరిచేయడానికి విద్యుత్ శాస్త్రం ఎంత అవసరమో, ఆ వాహనం చరిత్ర అంతే అవసరం.

ఇక్కడ ‘కరీంనగర్, ఆదిలాబాద్’ అన్నప్పుడు 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలనే గ్రహించాలి.

2. ఉత్తర తెలంగాణలో మోటారు రవాణా: చారిత్రక నేపథ్యం

హైదరాబాదు రాజ్యంలో మోటారు కారు తొలుత రాచరిక వైభవానికి గుర్తుగా ప్రవేశించింది. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉన్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఆ దశకు సాక్ష్యం. మోటారు వాహనం సామాన్య ప్రయాణికుడికి అందుబాటులోకి రావడం 1932తో మొదలయింది. ఆ సంవత్సరం నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమయింది. స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ తొలినాటి వాహనాలు. వాటిలో ఒకటి ‘డెక్కన్ క్వీన్’ పేరుతో నేటికీ భద్రంగా ఉంది. ఈ శాఖ 1951లో రైల్వే నుంచి హైదరాబాదు ప్రభుత్వానికి మారింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది.

ఉత్తర తెలంగాణలో రోడ్డు రవాణాకు ప్రాధాన్యం రావడానికి భౌగోళిక కారణాలు కూడా ఉన్నాయి. కాజీపేట నుంచి బల్హార్షాకు వెళ్లే రైలుమార్గం పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్‌ల మీదుగా సాగింది. జిల్లా కేంద్రమైన కరీంనగర్ చాలాకాలం రైలుకు దూరంగానే ఉండిపోయింది. ఆదిలాబాద్ పట్టణానికి రైలు ఉన్నా అది ముద్‌ఖేడ్ వైపు, అంటే నేటి మహారాష్ట్ర వైపు కలిపింది. జిల్లా కేంద్రాలకు, తాలూకాలకు మధ్య రాకపోకలు ప్రధానంగా రోడ్డు మీదనే జరిగాయి. అడవులలో, గుట్టలలో ఉన్న గ్రామాలకు జీపు తప్ప మరో మోటారు వాహనం చేరడం కష్టం.

పరిశ్రమలు ఈ అవసరాన్ని పెంచాయి. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని ప్రాంతాల్లో సింగరేణి బొగ్గు గనులు, కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు, మంచిర్యాలలో సిమెంటు కర్మాగారం, తర్వాతి కాలంలో రామగుండంలో ఎరువుల కర్మాగారం, విద్యుత్ కేంద్రం వచ్చాయి. వాటి వెంట అధికారుల కార్లు, గుత్తేదారుల జీపులు, అద్దె టాక్సీలు వచ్చాయి. వాటిని బాగుచేసే గ్యారేజీలూ రోడ్ల పక్కన వెలిశాయి. ఆ గ్యారేజీల్లో ఇంజిను మెకానిక్కు వేరు, ‘వైరింగు పని’ చేసే ఆటో ఎలక్ట్రీషియను వేరు. ఈ శ్రమవిభజన నేటికీ కొనసాగుతోంది.

3. ఇంజినులోకి విద్యుత్తు ప్రవేశించిన క్రమం

పెట్రోలు ఇంజినుకు విద్యుత్తు అవసరమయ్యేది మొదట నిప్పురవ్వ కోసం. సిలిండరులో నొక్కుకొన్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని సరైన క్షణంలో రవ్వతో అంటించాలి. తొలినాటి వాహనాల్లో ఈ పనిని మాగ్నెటో చేసేది. అది ఇంజినుతో పాటు తిరుగుతూ తానే విద్యుత్తును పుట్టించుకొనేది. దానికి బ్యాటరీతో పనిలేదు. ఆ కాలపు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇంజినుకు మాగ్నెటో, కాయిలు రెండూ ఉండేవి. ప్రతి సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు అమర్చేవారు. ఇంజినును చేత్తో తిప్పి స్టార్టు చేయవలసి వచ్చేది.

ఈ స్థితిని మార్చినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్. 1909లో ఓహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో ఆయన భాగస్వామిగా ఏర్పడిన ‘డేటన్ ఇంజినీరింగ్ లాబరేటరీస్ కంపెనీ’ బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ అమరికను రూపొందించింది. అదే సంస్థ తయారుచేసిన విద్యుత్ సెల్ఫ్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. ఆ కంపెనీ పేరులోని తొలి అక్షరాల కూర్పే ‘డెల్కో’. ఈ మాట తెలంగాణ గ్యారేజీకి ఎలా చేరిందో ఎనిమిదో విభాగంలో చూడవచ్చు.

బ్యాటరీ ఇగ్నిషన్ రావడంతో వాహనం ఒక చిన్న విద్యుత్ వ్యవస్థగా మారింది. బ్యాటరీ ఖర్చయిన విద్యుత్తును తిరిగి నింపడానికి డైనమో, దాన్ని అదుపు చేయడానికి కటౌటు, రెగ్యులేటరు, ఇంజినును తిప్పడానికి స్టార్టరు, వీటన్నిటినీ కలపడానికి తీగల కట్ట అవసరమయ్యాయి. ఇంజిను వైరింగులో మూడు ప్రధాన వలయాలు ఉంటాయి: స్టార్టింగు, చార్జింగు, ఇగ్నిషన్. పాత వాహనంలో ఏ లోపం కనిపించినా అది ఈ మూడింటిలో ఎక్కడిదో ముందుగా తేల్చుకోవాలి.

4. మూడు వాహనాలు, మూడు సంప్రదాయాలు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పునరుద్ధరణకు వచ్చే పాత వాహనాలు మూడు భిన్న దేశాల విద్యుత్ సంప్రదాయాలకు చెందినవి.

మొదటిది బ్రిటిష్ సంప్రదాయం. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా అంబాసిడర్ కారును 1957లో తయారుచేయడం ప్రారంభించింది. 2014 వరకు దాని ఉత్పత్తి కొనసాగింది. తొలుత ఉన్న సైడ్‌వాల్వ్ ఇంజిను స్థానంలో 1959లో 1489 సీసీ ఇంజిను వచ్చింది. మోరిస్ కార్లలో విద్యుత్ పరికరాలు లూకాస్ కంపెనీవి. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ సంస్థ ఏర్పడిన తర్వాత ఇటువంటి పరికరాలు దేశంలోనే తయారయ్యాయి. అప్పటి బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. దీన్నే ‘పాజిటివ్ ఎర్త్’ అంటారు. 1960ల మధ్య నుంచి ప్రపంచమంతటా ‘నెగెటివ్ ఎర్త్’ స్థిరపడింది.

రెండోది ఇటాలియన్ సంప్రదాయం. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఫియట్ 1100 కార్లను తయారుచేసింది. 1964లో వచ్చిన ‘డిలైట్’ నమూనాయే తర్వాత ‘ప్రీమియర్ పద్మిని’ అయింది. ఇందులో మొదటినుంచీ నెగెటివ్ ఎర్తే. తీగల రంగుల పద్ధతి కూడా లూకాస్‌ది కాదు.

మూడోది అమెరికన్ సంప్రదాయం. స్వాతంత్ర్యానంతరం మహీంద్రా సంస్థ భారతదేశంలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. రెండో ప్రపంచయుద్ధ కాలపు జీపు 6 వోల్టులది. 6 వోల్టుల అమరికలో అదే దీపం వెలగడానికి 12 వోల్టుల కంటే రెట్టింపు కరెంటు ప్రవహించాలి. ఉదాహరణకు 36 వాట్ల బల్బుకు 12 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు చాలు. 6 వోల్టుల వద్ద 6 ఆంపియర్లు కావాలి. అందువల్ల ఆనాటి జీపు తీగలు లావుగా ఉంటాయి. 12 వోల్టుల వాహనం నుంచి తీసిన సన్నని తీగలను దానికి వేస్తే స్టార్టరు నెమ్మదిస్తుంది, తీగ వేడెక్కుతుంది.

ఇంత భిన్నత్వంలో ఒక ఏకత్వం కూడా ఉంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిను, ఫియట్ 1089 సీసీ ఇంజిను, విల్లీస్ నాలుగు సిలిండర్ల ఇంజిను, ఈ మూడింటిలోనూ సిలిండర్లు మండే వరుస 1-3-4-2. ఒక కారుపై పని నేర్చిన మెకానిక్కు మరో కారుపై ధైర్యంగా చేయి వేయగలగడానికి ఇటువంటి సామ్యాలు తోడ్పడ్డాయి. ఆ ధైర్యమే ఒక వాహనం పద్ధతిని మరో వాహనంలోకి తెచ్చిపెట్టింది కూడా.

5. తీగల రంగులు: ఒక లిపి

లూకాస్ అమరికలో ప్రతి రంగుకూ ఒక అర్థం ఉంది. గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వస్తుంది. తాళంచెవి తీసినా అందులో కరెంటు ఉంటుంది. తెల్లతీగలో ఇగ్నిషన్ స్విచ్చి వేసినప్పుడే కరెంటు వస్తుంది. ఆకుపచ్చ తీగ ఆ తెల్లతీగ ఫ్యూజు దాటిన తర్వాతి రూపం. ఊదారంగు తీగ బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చేది. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పక్కదీపాలకు, వెనుకదీపాలకు, పసుపు డైనమోకు, నలుపు ఎర్తుకు సంకేతాలు.

ఈ మూలవర్ణాల మీద సన్నని చార వస్తే అర్థం మరింత నిర్దిష్టమవుతుంది. తెలుపు మీద నలుపు చార ఉన్న తీగ కాయిలు నుంచి డిస్ట్రిబ్యూటరుకు పోతుంది. తెలుపు మీద ఎరుపు చార స్టార్టరు సాలినాయిడుకు, నీలం మీద తెలుపు చార హెడ్‌లైటు దూరపు వెలుగుకు, నీలం మీద ఎరుపు చార దగ్గరి వెలుగుకు చెందినవి. మూలవర్ణం హల్లు వంటిదైతే చార దానికి చేరే గుణింతపు గుర్తు వంటిది. ఈ లిపి తెలిసినవారు తీగల కట్టలో ఏ తీగను చూసినా అది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో చెప్పగలరు.

లిపి తెలియనిచోట అపార్థం తప్పదు. ఇళ్లలో వైరింగు చేసేవారికి ఆకుపచ్చ అంటే ఎర్తు, నలుపు అంటే న్యూట్రలు. లూకాస్ అమరికలో ఆకుపచ్చ తీగలో కరెంటు ఉంటుంది, ఎర్తు నలుపు. ఇంటి వైరింగు అలవాటుతో కారు ఆకుపచ్చ తీగను బాడీకి బిగిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆ ఫ్యూజు స్థానంలో అంతకుముందే ఎవరైనా రాగితీగ చుట్టి ఉంటే తీగల కట్ట కాలిపోతుంది. ఆ కాలపు లూకాస్ అమరికల్లో చాలావాటికి రెండే ఫ్యూజులు ఉండేవి. ఇగ్నిషన్ తీగకు, బ్యాటరీ నుంచి వచ్చే ప్రధాన తీగకు ఫ్యూజు రక్షణ ఉండేది కాదు. అందువల్ల ఇక్కడ రంగును తప్పుగా చదవడం అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు.

6. మారిన పాఠాలు: కాలం, వాతావరణం, మరమ్మతు

అసలు అమరిక చెదరడానికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది కాలం. 1950ల వరకు వాహనాల తీగలకు రబ్బరు తొడుగు, దానిపై నూలు అల్లిక ఉండేవి. తర్వాత పీవీసీ తొడుగు వచ్చింది. రబ్బరు ఎండి పెళుసెక్కుతుంది. పైకి బాగానే కనిపించే తీగను వంచగానే తొడుగు పొడిగా రాలిపోతుంది. నూలు అల్లిక మీది రంగు ఆయిలు, వేడి తగిలి అన్ని తీగలపైనా ఒకే మట్టిరంగులోకి మారుతుంది.

రెండోది వాతావరణం. రామగుండం, కరీంనగర్ ప్రాంతాలు రాష్ట్రంలో తీవ్రమైన ఎండలు నమోదయ్యే చోట్లు. ఎండాకాలంలో మూసి ఉన్న బానెట్ కింద వేడి బయటి ఉష్ణోగ్రతను ఎంతో మించి పోతుంది. గని ప్రాంతాల్లో తేమతో కలిసిన బొగ్గుదుమ్ము డిస్ట్రిబ్యూటరు మూతమీద పేరుకొంటే రవ్వ ప్లగ్గుకు పోకుండా ఆ మూత మీదుగానే జారిపోతుంది. ఆదిలాబాద్ దీనికి భిన్నంగా చలికి పేరుపడింది. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, ఇంజిను ఆయిలు చిక్కబడుతుంది. స్టార్టరుకు ఎక్కువ కరెంటు కావలసిన సమయంలోనే బ్యాటరీ తక్కువ కరెంటు ఇస్తుంది. హ్యాండిలు కొట్టి, బండిని తోసి స్టార్టు చేయడం ఆ రోజుల్లో సర్వసాధారణం.

మూడోది మరమ్మతు. దారిమధ్యలో ఆగిన బండిని ఎలాగైనా ఇల్లు చేర్చడం మెకానిక్కు తక్షణ కర్తవ్యం. చేతికి ఏ రంగు తీగ దొరికితే దానితో అతుకు వేయడం, పాడైన స్విచ్చిని తప్పించి మరో దారిలో కరెంటు ఇవ్వడం అందులో భాగం. వాటికి తోడు యజమాని కోరిన అదనపు హారన్లు, రేడియో, ఫ్యాను, పొగమంచు దీపాలు చేరతాయి. అన్నిటికంటే పెద్ద మార్పు డీజిలు ఇంజిను. 1980ల నుంచి ఎన్నో అంబాసిడర్లలో, జీపుల్లో పెట్రోలు ఇంజినును తీసి డీజిలు ఇంజినును పెట్టారు. డీజిలు ఇంజినుకు రవ్వ అవసరం లేదు. అందువల్ల కాయిలు, డిస్ట్రిబ్యూటరు, వాటి తీగలు తొలగిపోయాయి. వాటి స్థానంలో హీటరు ప్లగ్గుల తీగలు వచ్చాయి. అటువంటి వాహనాన్ని తిరిగి పెట్రోలుకు మార్చేవారికి ఇగ్నిషన్ వలయం ఆనవాళ్లు కూడా దొరకవు.

తెలుగు పరిశోధకులకు ఈ పరిస్థితి కొత్తదేమీ కాదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారు ఎదుర్కొన్న సమస్యే ఇది. సి.పి. బ్రౌన్ పండితుల సాయంతో పలు ప్రతులను సేకరించి, పోల్చి పాఠాలను నిర్ణయించిన పద్ధతి సుపరిచితమే. లేఖకుని చేతిలో అక్షరం మారినట్లు మెకానిక్కు చేతిలో తీగ రంగు మారుతుంది. కావ్యంలో ప్రక్షిప్త పద్యం చేరినట్లు వైరింగులో అదనపు వలయం చేరుతుంది. శిథిలపత్రం రాలిపోయినట్లు ఇగ్నిషన్ తీగ మాయమవుతుంది. ప్రతి మార్పూ దోషం కాదన్న వివేకం కూడా రెండుచోట్లా అవసరమే. కొన్ని మార్పులు ఆ వాహనం బతుకుకథలో భాగాలు.

7. పునరుద్ధరణ పద్ధతి

ఈ పోలికను ఆధారం చేసుకొంటే పునరుద్ధరణకు ఒక క్రమం ఏర్పడుతుంది. దీనికి మూడు ఆధారాలు కావాలి: తయారీదారుని వైరింగు పటం, వాహనంలో మిగిలిన తీగలు, ఆ రకం వాహనాలపై పనిచేసినవారి అనుభవం. పటం అసలు ఉద్దేశాన్ని చెబుతుంది. ఆ వాహనం ఏ సంవత్సరంలో ఏ మార్పుతో వచ్చిందో చెప్పకపోవచ్చు. మిగిలిన తీగలు వాస్తవాన్ని చూపుతాయి. వాటిలో అసలుది ఏదో, అతుకు ఏదో చెప్పవు. ఈ ఖాళీని పూరించేది మెకానిక్కు అనుభవం.

తొలి పని బ్యాటరీ తీగను విప్పడం. రెండోది ఉన్నది ఉన్నట్లుగా నమోదు చేయడం. ఏ తీగనూ తీయకముందే ప్రతి కొనకూ చీటీ కట్టి, అది ఏ పరికరంలో ఏ టెర్మినలుకు చేరిందో రాసుకోవాలి. రంగు గుర్తుపట్టలేని తీగను కొన నుంచి కాక, కట్టకు చుట్టిన టేపు విప్పి లోపలి భాగంలో చూడాలి. వెలుతురు, ఆయిలు తగలని ఆ చోట అసలు రంగు నిలిచి ఉంటుంది.

మూడోది తీగ మందాన్ని నిర్ణయించడం. పాత పద్ధతిలో దీన్ని పోగుల సంఖ్య, పోగు మందంతో చెబుతారు. 0.30 మిల్లీమీటర్ల పోగులు 14 ఉన్న తీగ సుమారు 1 చదరపు మిల్లీమీటరు; అది చిన్న దీపాలకు, మీటర్లకు చాలుతుంది. 28 పోగుల తీగ సుమారు 2 చదరపు మిల్లీమీటర్లు. హెడ్‌లైట్ల వంటి వాటికి వాడతారు. డైనమో నుంచి వచ్చే ప్రధాన తీగకు 44 పోగులది, అంటే సుమారు 3 చదరపు మిల్లీమీటర్లది కావాలి. స్టార్టరు తీగ వీటన్నిటికంటే ఎన్నో రెట్లు లావు. రంగు సరిపోయినా మందం సరిపోకపోతే పునరుద్ధరణ విఫలమవుతుంది.

నాలుగోది ఎర్తు. ఇంజిను రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కనుక దానికీ బాడీకీ మధ్య విద్యుత్ సంబంధం దానంతట అది ఏర్పడదు. ఇంజిను నుంచి చాసిస్‌కు అల్లిక పట్టీ వేయాలి. రంగులు వేసి తళతళలాడించిన వాహనాల్లో తరచుగా మరచిపోయేది దీన్నే. పట్టీ లేనప్పుడు స్టార్టరు కరెంటు తిరుగుదారి వెతుక్కొని చోక్ తీగ ద్వారానో యాక్సిలరేటరు తీగ ద్వారానో పోతుంది. సెల్ఫ్ కొట్టగానే చోక్ తీగ వేడెక్కి పొగలు రావడానికి కారణం ఇదే. కొత్తగా వేసిన రంగు కూడా ఎర్తును అడ్డుకొంటుంది. బిగించే చోట రంగును గీకి లోహాన్ని బయటపెట్టాలి.

ఐదోది ధ్రువత్వం. పాజిటివ్ ఎర్తుతో వచ్చిన కారును తర్వాతివారు నెగెటివ్‌కు మార్చారేమో చూడాలి. మార్చినప్పుడు డైనమో ఫీల్డు టెర్మినలుకు బ్యాటరీ నుంచి క్షణకాలం కరెంటు తాకించి దాని అయస్కాంత దిశను మార్చాలి. కాయిలు మీది రెండు సన్నతీగలను తారుమారు చేయాలి. ఇది చేయకపోయినా ఇంజిను నడుస్తుంది. అయితే ప్లగ్గులో మధ్య కొన ఋణంగా ఉన్నప్పుడు రవ్వకు తక్కువ వోల్టేజీ చాలుతుంది. తారుమారైతే రవ్వ బలహీనపడుతుంది. ‘బండి నడుస్తోంది కానీ ఎక్కడో మిస్సవుతోంది’ అన్న ఫిర్యాదుకు ఇటువంటి సూక్ష్మకారణం ఉండవచ్చు.

చివరిది పరీక్ష. కొత్త కట్టను బిగించగానే బ్యాటరీని నేరుగా కలపకుండా, దాని తీగకు మధ్యలో ఒక బల్బును ఉంచి చూస్తారు. స్విచ్చులన్నీ ఆపి ఉండగా బల్బు వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్లు. వెలగకపోతే ఒక్కొక్క వలయాన్నీ వరుసగా పరీక్షించవచ్చు. ఇగ్నిషన్‌లో పాయింట్ల మధ్య ఎడం లూకాస్ డిస్ట్రిబ్యూటరులో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ తర్వాత 1-3-4-2 వరుసలో ప్లగ్గు తీగలను కలపాలి. రోటరు తిరిగే దిశను చూడకుండా వరుస పెడితే ఇంజిను సైలెన్సరులో పేలుతుంది కానీ నడవదు.

8. గ్యారేజీ పదజాలం

పైన చెప్పిన మౌఖికజ్ఞానం పదాలలో నిలిచి ఉంది. డిస్ట్రిబ్యూటరును గ్యారేజీలలో ‘డెల్కో’ అనడం పరిపాటి. అంబాసిడర్‌లో ఉన్నది లూకాస్ డిస్ట్రిబ్యూటరే అయినా పిలిచేది ‘డెల్కో’ అనే. ఒక కంపెనీ పేరు ఆ వస్తువుకే పేరైన అర్థవ్యాకోచానికి ఇది చక్కని ఉదాహరణ. అదనపు చక్రానికి ‘స్టెప్నీ’ అన్న పేరు కూడా ఇటువంటిదే. వేల్స్‌లోని స్టెప్నీ కంపెనీ పేరు అది. ఆ కంపెనీ మరుగునపడినా మాట నిలిచింది.

‘సెల్ఫ్’ అన్నది ‘సెల్ఫ్ స్టార్టరు’కు సంక్షిప్తరూపం. విశేషణం మిగిలి విశేష్యం లోపించింది. ‘సెల్ఫ్ కొట్టు’ అన్న క్రియాప్రయోగం ‘హ్యాండిలు కొట్టు’ అన్న పాత మాటకు పోలికగా ఏర్పడి ఉండాలి. చేత్తో తిప్పే పని పోయినా ‘కొట్టు’ అన్న ధాతువు నిలవడం గమనార్హం. ‘ఎర్తు’ అన్న మాటకు గ్యారేజీలో భూమితో సంబంధం లేదు. వాహనం బాడీయే ఎర్తు. ‘కటౌటు’ అంటే సామాన్యులకు సినిమా హాలు ముందు నిలిపే నిలువెత్తు బొమ్మ. ఆటో ఎలక్ట్రీషియనుకు అది డైనమో, బ్యాటరీల మధ్య కరెంటు వెనక్కు పోకుండా ఆపే పరికరం. పని నేర్పేవారిని ‘ఉస్తాద్’ అనడం ఉర్దూ ప్రభావాన్ని, ఈ విద్య గురుశిష్య పరంపరగా సాగిందన్న సంగతిని తెలుపుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు 1962లో, రెండో సంపుటం చేనేత పదాలకు 1971లో వెలువడ్డాయి. ఆ కృషి నాగలి, మగ్గం చుట్టూ ఉన్న భాషను కాపాడింది. మోటారు మెకానిక్కు భాష అన్యదేశ్యాలతో నిండినదన్న కారణంతో దాన్ని పట్టించుకోకపోవడం సరికాదు. అన్యదేశ్యం తెలుగు నోట చేరి పొందిన కొత్త అర్థం కూడా తెలుగు భాషా చరిత్రలో భాగమే.

9. చట్టం, ‘అసలు రూపం’ అన్న ప్రశ్న

ఈ చర్చకు నేడు చట్టపరమైన ప్రాధాన్యం కూడా వచ్చింది. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేయవచ్చు. వాటికి ‘వీఏ’ శ్రేణిలో సంఖ్య ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అటువంటి వాహనం అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజినులలో గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదని షరతు. 1970ల తొలి సంవత్సరాల అంబాసిడర్లు, ఫియట్లు ఇప్పుడు ఈ వయఃపరిమితిని దాటాయి. అదే సంవత్సరం ఆగస్టులో పాత వాహనాలను తుక్కుగా మార్చే విధానం కూడా ప్రారంభమయింది. పాత వాహనం ముందు రెండు దారులు ఉన్నాయి: వారసత్వంగా నిలవడం, లేదా తుక్కుగా మారడం. డీజిలు ఇంజిను పెట్టిన అంబాసిడర్‌కు మొదటి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది.

‘అసలు రూపం’ అన్నదానికి అర్థం ఏమిటన్నది దీనితో తలెత్తే ప్రశ్న. ఫ్యూజు లేని 1960ల వైరింగును యథాతథంగా తిరిగి వేయడం ప్రామాణికం కావచ్చు, సురక్షితం కాదు. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం సౌకర్యం, ప్రామాణికం కాదు. ఇక్కడ వారసత్వ కట్టడాల పరిరక్షణలో పాటించే సూత్రం దారి చూపుతుంది. చేసిన మార్పును మూలానికి హాని లేకుండా వెనక్కు తీయగలిగితే అది అంగీకారయోగ్యం. బ్యాటరీ దగ్గర బయటికి కనిపించకుండా చేర్చిన ఒక ఫ్యూజును ఎప్పుడైనా తీయవచ్చు. డ్యాష్‌బోర్డుకు రంధ్రం చేసి బిగించిన స్విచ్చిని తీసినా రంధ్రం పోదు. పరిష్కర్త తన సవరణను మూలపాఠంలో కలపకుండా అధోజ్ఞాపికలో చూపినట్లే, పునరుద్ధరణలో చేర్చిన ప్రతి మార్పునూ వేరుగా నమోదు చేయడం ఉత్తమ పద్ధతి.

10. ముగింపు

ఉత్తర తెలంగాణలో పాత వాహనం ఇంజిను వైరింగును పరిశీలిస్తే ఈ అంశాలు తేలుతున్నాయి.

1. బ్రిటిష్, ఇటాలియన్, అమెరికన్ విద్యుత్ సంప్రదాయాలు మూడూ ఈ ప్రాంతపు గ్యారేజీలలో కలిశాయి. ఆ కలయిక వల్ల ఏర్పడిన మిశ్రమ వైరింగే నేడు పునరుద్ధరణకు వస్తోంది.

2. వైరింగు పునరుద్ధరణకు పటం, మిగిలిన తీగలు, మౌఖికజ్ఞానం మూడూ ఆధారాలే. ఏ ఒక్కటీ తనకు తానుగా చాలదు. ఇది గ్రంథపరిష్కరణ పద్ధతికి సన్నిహితమైనది.

3. గ్యారేజీ పదజాలంలో కనిపించే అర్థవ్యాకోచం, పదసంక్షేపం ఆధునిక తెలుగు వృత్తిభాషల అధ్యయనానికి విలువైన సామగ్రి.

4. వింటేజి వాహనాల నిబంధనల వల్ల ‘అసలు రూపం’ నిర్ణయం ఆచరణాత్మక అవసరంగా మారింది. ఆ నిర్ణయానికి కావలసిన జ్ఞానం వయసు మళ్లిన మెకానిక్కుల వద్దే ఉంది.

పటాలను ఎప్పుడైనా సంపాదించవచ్చు. తీగలను మళ్లీ తయారుచేయించవచ్చు. ఏ కారులో ఏ తీగ ఎందుకు మారిందో చెప్పగల మనిషి జ్ఞాపకం మాత్రం ఒకసారి పోతే తిరిగి రాదు. డైనమోను, పాయింట్లను బాగుచేసిన తరం పని విరమించే దశకు చేరింది. ఎలక్ట్రానిక్ పద్ధతులపై పని నేర్చిన తర్వాతి తరానికి ఆ విద్య అవసరం పడలేదు. కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం వంటి ప్రాంతీయ విద్యాసంస్థల తెలుగు శాఖలు, స్థానిక పారిశ్రామిక శిక్షణ సంస్థలు కలిసి ఈ వృత్తిపదజాలాన్ని, పని పద్ధతులను గొంతుతో సహా నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. అది జరిగితే ఒక కారు నడవడంతో పాటు, ఈ ప్రాంతపు శ్రామిక చరిత్రలో ఇంతవరకు రాయని ఒక అధ్యాయం కూడా రాసినట్లవుతుంది.